దుంగకు ఆకులుండవు: శేషాచలం చెట్ల పేర్లు డీఎన్ఏతో తేలతాయా?

లారీలోంచి దించిన దుంగకు ఆకు ఉండదు, పువ్వు ఉండదు, కాయ ఉండదు. ఎర్రచందనమైతే బెరడు కూడా ఉండదు, దాని కింద ఉండే తెల్ల చెక్కను సైతం గొడ్డలితో చెక్కేసి ఎర్రటి చేవ ఒక్కటే మిగులుస్తారు, ఎందుకంటే ధర పలికేది చేవకే, పైగా మోసే బరువు కూడా తగ్గుతుంది. తిరుపతిలో ఈ సంగతి ఎవరి దగ్గర ఎత్తినా ఒక మాట వినిపిస్తుంది: ‘ఇప్పుడు డీఎన్ఏ టెస్టులు వచ్చాయి కదా, చేస్తే తేలిపోతుంది.’ ఏం తేలిపోతుంది? ఆ ముక్క ఏ ప్రజాతి (దగ్గరి చుట్టాల గుంపు) చెట్టుదో తేలాలా, కచ్చితంగా ఏ జాతిదో తేలాలా, ఏ కొండ మీద పెరిగిందో తేలాలా, లేక అడవిలో మిగిలిన ఫలానా మొద్దు మీద నుంచే నరికారని తేలాలా? మనిషికి ఇంటిపేరు, పేరు, ఊరు, వేలిముద్ర ఎలా వేరువేరో చెట్టుకీ అంతే. నాలుగింటికీ డీఎన్ఏ పనికొస్తుంది, కానీ నాలుగింటికీ ఒకే పరీక్ష సరిపోదు, ఒక్కోదానికి ముందుగా చేసి పెట్టుకోవాల్సిన పని ఒక్కో రకం. ఆ పని జరగకుండా మిషన్లు మాత్రం కొని పెడితే అవి డీఎన్ఏ అక్షరాలు చదువుతాయి, పేరు మాత్రం చెప్పలేవు.

నిలబడి ఉన్న చెట్టయితే ఎర్రచందనాన్ని గుర్తుపట్టడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు. బెరడు నల్లగా, మొసలి వీపులాగా చదరాలు చదరాలుగా పగిలి ఉంటుంది, ఒక్కో ఆకులో మామూలుగా మూడు చిన్నాకులు ఉంటాయి. దీని దగ్గరి చుట్టం పెద్దేగి, వేగిస అని కూడా అంటారు, షుగర్ ఉన్నవాళ్లు రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగే చెక్క గ్లాసులు చేసేది దానితోనే. దానికి ఐదు నుంచి ఏడు చిన్నాకులు. రెండూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి, అంటే ఇంటిపేరు ఒకటే. కొండల్లో ఏళ్ల తరబడి తిరిగిన వాచర్లు, యానాది పెద్దలు ఆగి చూడకుండా నడుస్తూనే ఏది ఏదో చెప్పేస్తారు. కానీ ఇవి ఆకురాల్చే అడవులు. మోదుగ, బూరుగ పూసే వేళకి చెట్టుకు ఆకు ఉండదు, ఆకు ఉన్నప్పుడు పువ్వు ఉండదు. వృక్షశాస్త్ర పుస్తకాలేమో ముఖ్యంగా పువ్వు చూసి, కాయ చూసి పేరు పెట్టమంటాయి. చెట్టు కింద మొలిచిన రెండాకుల మొలక, భూమిలో కలిసిపోయి అల్లుకున్న వేర్లు, బస్తాలో పోసిన బెరడు ముక్కలు, కాగితం పొట్లంలోని పొడి, వీటి దగ్గర ఎంత అనుభవం ఉన్న కన్నయినా తడబడుతుంది.

వానలు కుండపోతగా కురిసే ఉష్ణమండల అడవుల్లో ఈ కష్టం ఎన్నో రెట్లు. 2013లో వేసిన అంచనా ప్రకారం ఒక్క అమెజాన్‌లోనే 16,000 చెట్ల జాతులు ఉంటాయి. 2022లో ప్రపంచం మొత్తానికి లెక్కగడితే 73,000 జాతుల దాకా వచ్చాయి, అందులో 9,000కు పైగా ఇంకా ఎవరూ పేరు పెట్టనివే అని అంచనా. కొమ్మలు ముప్పై నలభై మీటర్ల ఎత్తున ఉంటాయి, కింద నిలబడితే ఆకు ఆకారం కూడా సరిగ్గా కనపడదు. బోర్నియో, మలేషియా వైపు పెద్ద చెట్లలో చాలా జాతులు ఏటా పూయవు, కొన్నేళ్లకోసారి అడవంతా కలిసి పూస్తాయి, ఆ ఏడు తప్పిపోతే మళ్లీ పువ్వు కోసం ఎన్నేళ్లు ఆగాలో తెలియదు. అందుకని అక్కడ సర్వే చేసేవాళ్లు ఆకు రుచి చూసి, బెరడుకు గాటు పెట్టి వాసన చూసి, కారే పాల రంగు చూసి పేర్లు రాసుకుంటారు. అందులో తప్పులు ఎన్ని దొర్లుతాయి? పెరూలో ఇంగా అనే ప్రజాతి చెట్ల మీద 2010లో వచ్చిన పరిశోధనలో ముందు కంటితో పెట్టిన పేర్లను తర్వాత డీఎన్ఏతో సరిచూస్తే వందకు ఏడు దాకా తప్పులు తేలాయి. ఏడే కదా అనిపించవచ్చు, కానీ అవి పని బాగా తెలిసిన శాస్త్రవేత్తలు చేసినవి, ఇంకో సంగతేమిటంటే తప్పులన్నీ అన్ని చెట్లకూ సమానంగా పంచి ఉండవు, అరుదైన జాతులు పోలికలున్న వేరే చెట్లలో కలిసిపోతుంటాయి. ఎక్కువ కనిపించే చెట్టును చాలామంది గుర్తుపడతారు, అడవిలో పదో ఇరవయ్యో మిగిలిన చెట్టునే పక్కదాని పేరుతో రాసేస్తారు. కాపాడాల్సిందేమో ఆ చెట్టునే.

డీఎన్ఏ బార్‌కోడ్ అనే ఆలోచన 2003లో కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ బృందం ముందుకు తెచ్చింది. దుకాణంలో ప్రతి సరుకు మీదా గీతలున్నట్టే ప్రతి జీవి డీఎన్ఏలోనూ ఒక చిన్న ముక్కను ఎంచుకుని, దాన్ని చదివి, జాబితాలో పోల్చి పేరు పట్టుకోవడం. జంతువులకు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని ఒక జన్యువు దీనికి చక్కగా సరిపోయింది. మొక్కల దగ్గర ఆ జన్యువు పనికిరాలేదు, ఎందుకంటే మొక్కల మైటోకాండ్రియా డీఎన్ఏలో అక్షరాలు చాలా నెమ్మదిగా మారతాయి, రెండు వేర్వేరు జాతుల దగ్గర కూడా ఒకే రాత కనిపిస్తుంది. ఏ ముక్క తీసుకోవాలన్న దాని మీద కొన్నేళ్లు వాదనలు నడిచాయి. చివరికి 2009లో ఆకుకు పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్ట్‌లోని రెండు జన్యువులను, ఆర్‌బీసీఎల్‌నీ మ్యాట్‌కేనీ కలిపి వాడాలని అంతర్జాతీయ బృందం ఒక మాటకు వచ్చింది. వాళ్లే నిజాయితీగా రాసిన లెక్క ఏమిటంటే, ఆ రెండూ కలిపినా పరీక్షించిన జాతుల్లో 72 శాతాన్నే విడదీయగలిగాయి, మిగతావి దగ్గరి చుట్టాల గుంపు దాకా వచ్చి ఆగిపోయాయి. పద్ధతిని మొదలుపెట్టిన రోజు నుంచే దాని హద్దు ఇదీ అని తెలుసన్నమాట. టీవీ సీరియళ్లలో చూపించే డీఎన్ఏ టెస్టుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

అయినా అదే ఏడాది పనామా నుంచి వచ్చిన ఫలితం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బారో కొలరాడో దీవిలో 50 హెక్టార్ల అడవి ముక్కలో ప్రతి చెట్టుకూ నంబరు కట్టి దశాబ్దాలుగా లెక్కలు రాస్తున్నారు. అక్కడి 296 చెట్ల, పొదల జాతులకు మూడు డీఎన్ఏ ముక్కలు కలిపి చదివితే 98 శాతం దాకా సరిగ్గా పేరు తేలింది. దాదాపు అదే కాలంలో ఫ్రెంచ్ గయానాలో అమెజాన్ చెట్ల మీద చేస్తే 70 శాతం కూడా దాటలేదు. ఒకే విద్య రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు పనిచేసింది? పనామా దీవిలో చాలా ప్రజాతులకు ఒక్కటో రెండో జాతులే ఉన్నాయి, అందుకని ఇంటిపేరు తేలితే చాలు, పేరు దానంతటదే తేలినట్టే. అమెజాన్‌లో ఒకే ఇంటిపేరుతో పదుల కొద్దీ జాతులు పక్కపక్కనే నిలబడి ఉంటాయి, అందులో ఇంగా లాంటివి పరిణామ కాలంలో చూస్తే నిన్నమొన్న విడిపోయినవి, వాటి డీఎన్ఏలో తేడాలు కూడబెట్టుకునేంత సమయమే ఇంకా గడవలేదు. దీనికి తోడు దగ్గరి జాతులు ఒకదానితో ఒకటి కలిసి సంకరమైతే ఇంకో చిక్కు. పూల మొక్కల్లో క్లోరోప్లాస్ట్ చాలావరకు తల్లి చెట్టు నుంచే వస్తుంది, కాబట్టి క్లోరోప్లాస్ట్ బార్‌కోడ్ తల్లి ఎవరో మాత్రమే చెబుతుంది, తండ్రి వేరే జాతి అయినా దానికి తెలియదు.

దీన్ని శేషాచలానికి తెచ్చి చూస్తే సగం ధైర్యం, సగం టెన్షన్. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించిన ఈ కొండలు 4,755 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉన్నాయి, కానీ ఇవి ఎక్కువగా పొడి అడవులు, ఒకే ఇంటిపేరుతో డజన్ల జాతులు కిక్కిరిసిన అమెజాన్ కాదు. ఎర్రచందనం, పెద్దేగి లాంటి జంటలను విడదీయడం పనామా లెక్కలోకే వస్తుంది. ఎక్కడ చెట్ల జాబితా చిన్నదో, తెలిసిందో, అక్కడ బార్‌కోడ్ బాగా పనిచేస్తుంది. టెన్షన్ ఎందుకంటే ఆ జాబితాలో ప్రతి పేరుకూ ఎదురుగా నమ్మదగ్గ డీఎన్ఏ రాత ఉంటేనే ఈ ధైర్యానికి అర్థం, అందులోనూ శేషాచలానికే ప్రత్యేకమైన, ప్రపంచంలో ఇంకెక్కడా పెద్దగా దొరకని చెట్లకు.

అలాంటి వాటిలో మొగి ఒకటి. నేరేడుకు దగ్గరి చుట్టం, పండు కూడా తింటారు. శాస్త్రీయ నామం సిజిజియం ఆల్టర్నిఫోలియం, నేరేడు ఆకుల్లా ఎదురెదురుగా జంటగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే ఆకులను బట్టి పెట్టిన పేరు అది. చెట్ల ప్రజాతులన్నిటిలో ప్రపంచంలోనే పెద్దది ఈ సిజిజియం, దాదాపు 1,200 జాతులు. 2022లో ఈ ప్రజాతి మీద మొత్తం జీనోమ్‌ల (చెట్టు డీఎన్ఏ అంతటి) స్థాయిలో పరిశోధన వచ్చింది, ఎందుకంటే రెండు మూడు జన్యు ముక్కలతో ఇన్ని జాతుల చుట్టరికం తేలదు. ప్రపంచం మొత్తంలో ఇది ఏ సిజిజియం అని అడిగితే చిన్న బార్‌కోడ్ చేతులెత్తేయొచ్చు. తిరుమల కొండ మీద దొరికిన ఆకు నేరేడుదా మొగిదా అని అడిగితే అదే బార్‌కోడ్‌కి పని చాలా తేలిక. ప్రశ్నను ఎంత చిన్నదిగా అడిగితే జవాబు అంత గట్టిగా వస్తుంది, ఈ విద్యలో చాలామంది పట్టించుకోని సంగతి ఇదే.

జాలారి, తంబ చెట్ల కథ ఇంకా బాగుంటుంది. రెండూ గుగ్గిలం కుటుంబం, రెండూ ఈ కొండల్లోనే పెరుగుతాయి, కొందరు రెండో దాన్ని తంబ జాలారి అనే పిలుస్తారు, అంటే జనం దృష్టిలో అన్నదమ్ములు. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కాలం నుంచి శాస్త్రం కూడా రెండింటినీ షోరియా అనే ఒకే ప్రజాతిలో ఉంచింది. తంబ శాస్త్రీయ నామంలోని టంబుగ్గాయా అన్న మాట ఇక్కడి వాడుక పేరు నుంచి తీసుకున్నదే. జన్యు పరిశోధనలు ముందుకెళ్లాక షోరియా అన్నది ఒక్క ఇల్లు కాదు, పక్కపక్కన కట్టిన అనేక ఇళ్లు అని తేలింది, 2022లో దాన్ని విడదీసి రాశారు. తంబ షోరియాలోనే ఉండిపోయింది, జాలారి మాత్రం ఆంతోషోరియా అనే వేరే ప్రజాతిలోకి వెళ్లింది. అడవిలో ఒకే వాలు మీద నిలబడిన రెండు చెట్ల మధ్య ఎడం మనం అనుకున్నదాని కంటే ఎంతో పాతదని డీఎన్ఏ చూపించింది. అయితే డీఎన్ఏ ఒక్కటే ఆ తీర్పు ఇవ్వలేదు, దశాబ్దాల పాటు పువ్వులోని కేసరాలు, కాయకుండే రెక్కలు, బెరడు తీరు చూసి పుస్తకాలు రాసినవాళ్లు ముందే వేసిన గుంపులను డీఎన్ఏ చాలావరకు బలపరిచింది.

ఇక ల్యాబు పని. ఆకు కోసిన గంట నుంచే డీఎన్ఏ పాడవడం మొదలవుతుంది, మన ఎండలకూ తేమకూ ఇంకా త్వరగా. అందుకని ఆకు ముక్కను వెంటనే సిలికా జెల్ గింజలున్న సంచిలో వేసి ఎండబెడతారు, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే పొట్లంలో ఉండే గింజలే అవి. ఆకు అందని ఎత్తు చెట్టయితే కాండానికి చిన్న గాటు పెట్టి బెరడు కింద పచ్చిగా ఉండే పొర తీసుకుంటారు, చెట్టుకు పెద్దగా నష్టం ఉండదు. తర్వాత అసలు తలనొప్పి. మన చెట్లలో బంకలు, పాలు, వగరు పదార్థాలు ఎక్కువ. కరక్కాయ కొరికితే నాలుక మీద పట్టేసే ఆ వగరే ట్యూబులో డీఎన్ఏని పట్టేస్తుంది, దానికి అంటుకుని గోధుమ రంగు ముద్ద చేస్తుంది. చల్లని దేశాల మెత్తటి ఆకుల కోసం తయారైన కిట్లు ఇక్కడ చాలాసార్లు మొరాయిస్తాయి, సీటీఏబీ అనే పాత పద్ధతికే రకరకాల మార్పులు చేసుకుని, వగరును పీల్చుకునే పదార్థాలు కలిపి, రెండు మూడు సార్లు కడిగి తీయాలి. బయట నుంచి చూసేవాళ్లు మిషన్ గొప్పది అనుకుంటారు గానీ ఫలితం నిలబడేదీ పడేదీ ఈ కడుగుడు దగ్గరే.

ఆకు దగ్గరే ఇంత పని ఉంటే చేవ సంగతి చెప్పక్కర్లేదు. చెట్టు లోపల చేవ కట్టడమంటేనే అక్కడి కణాలు చచ్చిపోవడం. చచ్చేటప్పుడు కణం తన డీఎన్ఏని తానే ముక్కలు చేసుకుంటుంది, ఆ ఖాళీల్లో రంగు పదార్థాలు నిండుతాయి. ఎర్రచందనానికి ఎరుపునిచ్చి, నీళ్లలో వేస్తే మునిగేంత బరువుగా ఉండే చేవను పురుగు పట్టకుండా కాపాడే ఆ పదార్థాలే పీసీఆర్ చర్యకు (ల్యాబులో డీఎన్ఏ నకళ్లు పెంచే పనికి) అడ్డం పడతాయి. స్మగ్లర్లు చెక్కి పారేసే తెల్ల చెక్కలో డీఎన్ఏ బాగుంటుంది, డబ్బు పలికే చేవలో అధ్వానంగా ఉంటుంది, పరీక్షకు చేతికొచ్చేదేమో చేవే. అయినా దారి లేకపోలేదు. ఒక కణంలో క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ నకళ్లు వందలు వేలు ఉంటాయి కాబట్టి ఎక్కడో కొన్ని చిన్న ముక్కలైనా మిగులుతాయి. ఆరేడు వందల అక్షరాల పూర్తి బార్‌కోడ్ దొరకకపోయినా వంద రెండొందల అక్షరాల చిట్టి బార్‌కోడ్ చదవొచ్చు. చైనా పరిశోధకులు ఎర్రచందనం చెక్క మీద ఇదే చేశారు. ఆ దేశంలో ఎర్రచందనం ఫర్నిచర్‌కు ఉన్న గిరాకీ తెలిసిందే, దాని పేరుతో ఆఫ్రికా నుంచి వచ్చే టెరోకార్పస్ టింక్టోరియస్ అనే చుట్టపు చెట్టు చెక్క అమ్ముడవుతుంది, ముక్క చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. చిట్టి బార్‌కోడ్లతో ఆ రెండింటినీ విడదీయొచ్చని వాళ్లు చూపించారు. ఎర్రచందనం 1995 నుంచీ సైట్స్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, ఆ ఆఫ్రికా చెట్టును కూడా 2019లో అందులో చేర్చారు. ఒకటి దొరక్కపోతే ఇంకొకదాని మీద పడటం ఈ వ్యాపారం తీరు, అందుకే పేరు పట్టుకునే పరీక్షకు శేషాచలంలోనే కాదు, సముద్రం అవతల కూడా విలువ ఉంది.

పేరు తేలింది, సరే. ఏ ఊరిది? చామల, భాకరాపేట వైపు అడవిదా, కడప వైపుదా, లేక ఎవరైనా రైతు పట్టా భూమిలో పెంచిందా? దీనికి బార్‌కోడ్ అసలు పనికిరాదు, ఎందుకంటే జాతి మొత్తానికి ఒకేలా ఉండే ముక్కనే బార్‌కోడ్‌గా ఎంచుకున్నాం. ఊరు తేలాలంటే ఒకే జాతిలో చెట్టు చెట్టుకూ మారే ముక్కలు, మైక్రోశాటిలైట్లనో స్నిప్‌లనో పిలిచేవి చదవాలి, అంతకంటే ముందు ఎర్రచందనం పెరిగే కొండలన్నిటి నుంచీ వందల చెట్ల నమూనాలు తెచ్చి ఏ లోయలో ఏ తేడాలు ఎక్కువో పటం గీసుకోవాలి. ఎర్రచందనం కాయ గుండ్రంగా రెక్క కట్టి ఉంటుంది, గాలికి కొంత దూరం పోతుంది, పుప్పొడిని తేనెటీగలు మోస్తాయి, అందుకని పక్కపక్క లోయల చెట్ల మధ్య గీత స్పష్టంగా ఉండకపోవచ్చు, దూరం దూరం కొండల మధ్య అయితే తేడా దొరికే అవకాశం ఎక్కువ.

పొలం చెట్టా, అడవి చెట్టా అన్న ప్రశ్న మాత్రం అంతకంటే గట్టిది, దీని మీద అపోహలూ ఎక్కువే. రైతు నాటిన మొక్క నర్సరీ నుంచి వచ్చింది, నర్సరీ విత్తనం ఈ కొండల నుంచే వచ్చింది. అంటే పొలంలోని చెట్టు, అడవిలోని చెట్టు ఒకే తల్లి పిల్లలు కావచ్చు. డీఎన్ఏ పుట్టుక చెబుతుంది, ఎక్కడ పెరిగిందో చెప్పదు. తిరుపతిలో పుట్టి చెన్నైలో పెరిగిన పిల్లవాడి రక్తం చూసి ఏ స్కూల్లో చదివాడో చెప్పలేనట్టే. పొలాల్లో పెంచిన ఎర్రచందనాన్ని చట్టబద్ధంగా అమ్ముకోవాలనుకునే రైతుకు ఈ తేడా నిరూపించుకోవడం చాలా ముఖ్యం, ఏళ్ల తరబడి ఎదురుచూసి కోతకొచ్చిన చెట్టును దొంగ సరుకు అన్న అనుమానం లేకుండా అమ్ముకోగలగాలి కదా. దానికి డీఎన్ఏతో ఒకే మార్గం ఉంది: పొలంలోని చెట్టును నిలబడి ఉండగానే నమూనా తీసి రిజిస్టర్లో ఎక్కించడం, కోసినప్పుడు దుంగను దానితో పోల్చడం. అంటే ఊరు కాదు, వేలిముద్ర.

వేలిముద్ర దగ్గర చెట్టు డీఎన్ఏకి కోర్టుల్లో చరిత్ర ఉంది. అమెరికాలోని అరిజోనాలో 1992లో జరిగిన ఒక హత్య కేసులో నిందితుడి ట్రక్కు వెనక పాలో వెర్డే అనే చెట్టు కాయలు దొరికాయి. శవం దొరికిన చోట ఉన్న ఒక చెట్టుకే ఆ కాయలు సరిపోలాయని, చుట్టుపక్కల మిగతా చెట్లు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయని డీఎన్ఏతో చూపించారు, మొక్క డీఎన్ఏ నేర విచారణలో నిలబడటం అదే మొదలు. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రభుత్వ అడవి నుంచి మేపుల్ చెట్లు కొట్టుకుపోయి మిల్లుకు అమ్మిన కేసులో 2021లో శిక్ష పడింది, మిల్లులోని చెక్క అడవిలో మిగిలిన మొద్దులతో అచ్చంగా సరిపోయింది. ఆ కేసులో గెలుపు కోర్టులో మొదలవలేదు. అంతకుముందే ఆ మేపుల్ పెరిగే ప్రాంతమంతటి నుంచీ, వాలంటీర్లతో సహా చాలామంది కలిసి నమూనాలు పోగుచేసి పెట్టారు, అందుకే ‘ఇలాంటి పోలిక యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఇంత తక్కువ’ అని అంకెతో చెప్పగలిగారు. పోలిక దొరికిందంటే సరిపోదు, ఇంకెవరితోనూ పోలదని చూపించాలి.

శేషాచలంలో ఇది చేయాలంటే రెండు అడ్డంకులు. ఒకటి చేవ. వేలిముద్రకు కావాల్సిన కణకేంద్రం డీఎన్ఏ ఒక్కో కణంలో రెండే నకళ్లు, క్లోరోప్లాస్ట్ లాగా వేలల్లో ఉండదు, అందుకని పేరు తేలిన దుంగలోనూ వేలిముద్ర తేలకపోవచ్చు. చెక్కేటప్పుడు పొరపాటున ఎక్కడైనా మిగిలిపోయిన తెల్ల చెక్క గీత ఉంటే నమూనా అక్కడి నుంచే తీయాలి, స్వాధీనం చేసుకున్న మొదటి రోజే తీయాలి, డిపోలో ఎండకు ఎండి వానకు తడిసి ఏళ్లు గడిచాక కాదు. రెండో అడ్డంకి మొద్దులు. నరికిన చోటుకు వెళ్లి మొద్దు నుంచి పచ్చి పొర తీసి, చోటు రాసి, సీలు వేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో కాగితం మీద పెట్టకపోతే పోల్చడానికి ఇంకో పక్క ఏమీ ఉండదు. మొద్దు నమూనా తీయడానికి కావాల్సినవి ఒక ఉలి, ఒక సిలికా సంచి, ఒక పెన్ను, పేరు రాసే ఓపిక. 

అన్నిటికీ వెనక ఉన్నది పేర్ల పుస్తకం. మిషన్ చదివిన అక్షరాలను డేటాబేస్‌లో వెతికితే ‘దీనికి 99 శాతం పోలిక’ అని ఒక పేరు వస్తుంది. ఆ పేరు అక్కడ ఎవరు పెట్టారు? ఎప్పుడో ఎవరో ఒక కొమ్మ తెచ్చి, ఫలానా చెట్టు అనుకుని, డీఎన్ఏ చదివి ఎక్కించారు. ఆ మనిషి పొరబడితే పొరపాటు కూడా డేటాబేస్‌లో భద్రంగా ఉంటుంది, తర్వాత వెతికిన ప్రతివాళ్లకూ అదే జవాబుగా వస్తుంది. ఇది ఊహించి చెప్పేది కాదు. 2015లో ఆక్స్‌ఫర్డ్, ఎడిన్‌బరో పరిశోధకులు ఆఫ్రికాలో పెరిగే, అల్లం కుటుంబానికి చెందిన ఒక ప్రజాతి నమూనాలను వేలల్లో తిరగేస్తే, నిపుణులు కూర్చుని సరిచేయకముందు సగానికి పైగా నమూనాల మీద సరైన పేరు లేదని తేలింది. ప్రపంచ హెర్బేరియంలలోని (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట్లలోని) ఉష్ణమండల మొక్కలన్నిటికీ పరిస్థితి ఇలాగే ఉండొచ్చని వాళ్లు రాశారు. మన దగ్గర ఇంకో రకం పొరపాటు తోడవుతుంది: తెలుగు పేరు విని లాటిన్ పేరు రాయడం. గుగ్గిలం అంటే ఒక ఊళ్లో ఒక చెట్టు, ఇంకో ఊళ్లో ఇంకో చెట్టు. తిరుమల కొండల్లో పెరిగే కొండ గుగ్గిలం బోస్‌వెల్లియా ఓవాలిఫోలియోలేటా, దాని చుట్టం అండుగు బోస్‌వెల్లియా సెర్రాటా, తంబ జిగురును కూడా గుగ్గిలమనే అంటారు, అదేమో వేరే కుటుంబం. పేరు నమ్మి ఆకు తెచ్చి డీఎన్ఏ చదివితే అక్షరాలు నిజమే ఉంటాయి, పైన అంటించిన చీటీ అబద్ధమవుతుంది.

అందుకని శేషాచలానికి ముందుగా కావాల్సింది పువ్వుతోనో కాయతోనో కోసి, కాగితం మీద ఒత్తి, కోసిన చోటు, తేదీ, ఎత్తు రాసి, తెలిసిన మనిషి చూసి సంతకం పెట్టిన నమూనా, అదే కొమ్మ నుంచి తీసిన డీఎన్ఏ. ఈ రెండూ ఒకే నంబరుతో ఉండాలి. ఎప్పుడైనా అనుమానం వస్తే ఎవరైనా వెళ్లి కాగితం మీది కొమ్మను చూసుకోవచ్చు, పేరు మారితే నంబరు ద్వారా అన్ని చోట్లా మార్చుకోవచ్చు, జాలారి పేరు మారినట్టు. దీనికి కావాల్సిన మనుషులు తిరుపతిలోనే ఉన్నారు. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం, హెర్బేరియం ఉన్నాయి, 2015లో మొదలైన ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఉంది, అటవీ శాఖ ఉంది, కొండంతా కాళ్లకు తెలిసిన వాచర్లు ఉన్నారు. ఈ చివరివాళ్లను కూలీలుగానో దారి చూపేవాళ్లుగానో కాకుండా నమూనా చీటీ మీద పేరుతో రాయాలి, ఎందుకంటే తంబ ఎక్కడ మిగిలి ఉందో, మొగి ఏ వారం పూస్తుందో చెప్పగలిగేది వాళ్లే. మోసుకెళ్లగలిగే సీక్వెన్సర్లు (డీఎన్ఏ చదివే మిషన్లు) ఇప్పుడు అరచేతిలో పట్టేంతగా చిన్నవైపోయాయి, ల్యాప్‌టాప్‌కు తగిలించి అడవిలోనే చదవొచ్చు. మొగి పూసే వారం తెలిసిన మనిషి రిటైరైతే మాత్రం ఆయన స్థానంలో పెట్టడానికి బజార్లో ఏమీ దొరకదు.

ఆ పుస్తకం ఒకసారి తయారైతే ఎర్రచందనం కేసులు దాటి ఎన్నో చోట్ల వాడుకోవచ్చు. పలమనేరు వైపు కౌండిన్య అడవిలో ఏనుగులు పొలాల మీద పడకముందు అడవిలో ఏ చెట్లు తింటున్నాయో లద్దె నుంచి తీసిన డీఎన్ఏతో తెలుసుకోవచ్చు, దానికి ఆరేడు వందల అక్షరాలు కూడా అక్కర్లేదు, చాలా చిన్న ముక్క చాలు. అంగట్లో అశోక బెరడు పేరుతో నారమామిడి బెరడు అమ్మడం దేశమంతా ఉన్నదే, ఎర్రచందనం పొడి పొట్లాల్లో ఏముందో, కరక్కాయ పొడిలో ఏ కరక్కాయ కలిసిందో ఇలాగే చూడొచ్చు. పొడిలో ఒకే చెట్టు ఉండదు కాబట్టి అందులోని డీఎన్ఏ అంతా కలిపి చదివే పద్ధతి వాడాలి, అది ఏమేం ఉన్నాయో చెబుతుంది, ఏది ఎంత ఉందో మాత్రం గట్టిగా చెప్పదు.

వీటన్నిటిలో ఒక్కటి ఈ వేసవిలోనే మొదలుపెట్టమంటే తంబతో మొదలుపెట్టాలి. చెట్లు తక్కువ, కలపకూ జిగురుకూ కొట్టేశారు, విత్తనం రాలాక మొలకెత్తే శక్తి ఎంతోకాలం నిలవదు, కాబట్టి ఏరుకొచ్చి వెంటనే నర్సరీ సంచుల్లో పెట్టేయాలి. ఆ తొందరలో తంబ విత్తనం, జాలారి విత్తనం కలిసిపోతే మొలకలు పెరిగి పెద్దయ్యేదాకా తేడా తెలియడం కష్టం, అప్పటికి తంబ అనుకుని కొండ మీద నాటింది జాలారి అయి ఉంటుంది. ఇప్పుడవి రెండు వేర్వేరు ప్రజాతులు, డీఎన్ఏలో దూరం బోలెడంత, మామూలు బార్‌కోడ్‌కే దొరకాలి. ప్రతి సంచి నుంచీ ఒక ఆకు చివర తుంచి సిలికా గింజల్లో వేస్తే చాలు, మొక్క నాటే సమయానికి ఏది ఏదో చీటీ మీద ఉంటుంది.